రచ్చ గెలిచిన బిడ్డలు ఇంట గెలుచుట యెట్లు?

"ఇంట గెలిచి రచ్చ గెలువవలె"నని మన పెద్దల మాట. నేడు ప్రపంచమున కొన్ని దేశములందు ఈ సామెత తలక్రిందుగా నడచుచున్నది. అంతర్యుద్ధములచే చీలిపోయిన దేశముల బాలబాలికలను ఒకచోట చేర్చి, ఒక్క పంక్తిని భోజనము పెట్టి, ఒక్క బల్లకడ కూర్చుండబెట్టి, "రేపు మీ దేశమునకు నాయకులు మీరే"యని చెప్పి పంపు విద్యాలయములును, శిబిరములును అనేకములు వెలసినవి. ఆ బిడ్డలు ముందుగా పరాయి దేశమున శత్రువర్గపు బిడ్డలతో చెలిమి చేయుదురు; పిదప ఇంటికి వచ్చి తల్లిదండ్రులను, బంధువులను, ఇరుగుపొరుగులను ఒప్పింపవలసి యుండును. ఈ రెంటిలో ఏది కష్టతరమో గృహిణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ ప్రయత్నములను గూర్చి మన సోదరీమణులకు కొంత తెలుపవలెనని మేము తలచితిమి. నాయకత్వ మనగా సభలో నిలిచి ఉపన్యసించుటయే యని మనము సాధారణముగా ఎంచుదుము. యుద్ధముచే నలిగిన దేశములందు ఆ మాటకు వేఱొక యర్థము గలదు. తనవారిని చంపినవారి బిడ్డ యెదుట కూర్చుండి, ఆ బిడ్డ చెప్పునది తుదివఱకు వినగలుగుట మొదటి మెట్టు. విన్నదానిని తిరిగి వచ్చి తనవారితో చెప్పగలుగుట రెండవ మెట్టు. మొదటిదానిని విద్యాలయము నేర్పగలదు. రెండవది జరుగవలసిన చోటు ఇల్లే.

సంధి కుదిరిన పిమ్మట

సంధిపత్రముపై సంతకములు పడిన దినముననే మనస్సులు కలియవు. పెద్దలు అనుభవించిన కష్టములు పిల్లలకు కథలుగా సంక్రమించును. యుద్ధమును కన్నులార చూడని బిడ్డ సైతము పగను పిత్రార్జితమువలె పంచుకొనును. ఈ సత్యమును ప్రపంచపు పెద్దలు గుర్తించుటకు చాలకాలము పట్టినది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000 సంవత్సరము అక్టోబరు 31వ తేదీన 1325 సంఖ్యగల తీర్మానమును గావించి, శాంతిస్థాపనయందు స్త్రీలకు స్థాన ముండవలెనని పలికినది. యువజనులకు ఆ గౌరవము దక్కుటకు మఱి పదునైదేండ్లు పట్టెను. 2015 డిసెంబరు 9న గావించిన 2250 సంఖ్యగల తీర్మానమున, 18 మొదలు 29 ఏండ్ల వయసుగల వారిని యుద్ధమున చచ్చువారుగనో, చంపువారుగనో మాత్రమే చూడరాదనియు, శాంతిని నిర్మించువారుగ నెంచవలెననియు చెప్పిరి. కాని తీర్మానములకు చాలముందే ఈ పనికి పూనుకొనిన ఉపాధ్యాయు డొక డుండెను.

బీజము నాటిన ఉపాధ్యాయుడు

కూర్ట్ హాన్ అను నాతడు 1886లో బెర్లిను నగరమున యూదుకుటుంబమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ ఓడిన పిదప, 1920లో బాడెను రాజవంశమునకు చెందిన మాక్సు ప్రభువు తోడ్పాటుతో సాలెం అనుచోట ఆ ప్రభువు కోటలోనే పాఠశాల నెలకొల్పెను. పుస్తకవిద్యతోపాటు శరీరశ్రమయు, పరులకు సేవయు అచ్చటి చదువులో భాగములు. 1932లో హిట్లరు అనుచరులు కొందఱు ఒక కార్మికుని అతని తల్లి కన్నులయెదుటనే కొట్టి చంపిరి. ఆ హంతకులను హిట్లరు బహిరంగముగా వెనుకవేసికొని వచ్చెను. అప్పుడు హాన్ తన పూర్వవిద్యార్థుల కందఱకును లేఖ వ్రాసి, హిట్లరో, సాలెమో, రెంటిలో ఒకదానినే ఎన్నుకొనుడని కోరెను. మఱుసటి యేడు హిట్లరు అధికారమునకు రాగానే హాన్ చెఱసాల పాలయ్యెను. బ్రిటిషువారి జోక్యముచే విడుదలపొంది, ఆ దేశమునకు వలసపోయి, 1934లో స్కాట్లండున గార్డన్‌స్టన్ పాఠశాలను స్థాపించెను.

1955లో పారిసు నగరమున నాటో కూటమివారి సైనిక కళాశాలలో ఉపన్యసించుటకు అతడు వెళ్లెను. పదేండ్లకు ముందు ఒకరినొకరు చంపుకొనుటకు సిద్ధపడిన దేశముల సేనానులు అచ్చట ఒకే తరగతిలో కూర్చుండి కలిసి చదువుచుండిరి. తల నెరసినవారికే ఇది సాధ్యమైనపుడు, పదునాఱేండ్ల బిడ్డలకు ఏల సాధ్యము కాదని అతనికి తోచెను. ఆ తలంపే 1962లో వేల్సు దేశపు సముద్రతీరమున సెయింట్ డొనాట్స్ కోటలో అట్లాంటిక్ కాలేజీగా రూపొందినది. వివిధదేశముల విద్యార్థులు అచ్చట రెండేండ్లు కలిసి చదువుటయే గాక, సముద్రమున ఆపదలో చిక్కినవారిని రక్షించు పడవలను తామే నడిపిరి. మునుగుచున్న మనిషి చేయి అందుకొనునపుడు వాని జాతి యేదని యెవ్వరును అడుగరు గదా!

ఇందొక ముచ్చట మన సోదరీమణులు గమనింపదగినది. ఆ కళాశాలలో బాలికలకు ప్రవేశము 1967లో గాని లభింపలేదు. జాతుల నడుమ గోడలు పడగొట్ట బయలుదేరిన విద్యాలయము సైతము అయిదేండ్లపాటు ఆడపిల్లను గుమ్మము వెలుపలనే నిలిపినది! నేడు "యునైటెడ్ వరల్డ్ కాలేజీలు" అను పేర నాలుగు ఖండములందు 18 విద్యాలయములున్నవి. అందొకటి 1997 మొదలు మన దేశముననే, పూనా నగరమునకు చేరువనున్న కొండలపై నడచుచున్నది. వీనిలో మోస్తార్ నగరమునందలి దానిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయన, అది యుద్ధమునకు దూరముగా నుండు కోటలో గాక, యుద్ధము జరిగిన వీథిలోనే నెలకొన్నది.

వంతెన గల ఊరు

ఐరోపాఖండమున బోస్నియా-హెర్జెగోవినా యను చిన్నదేశము గలదు. అందు నెరెత్వా నది కిరుప్రక్కల మోస్తార్ నగరమున్నది. వంతెనకు కావలియుండువారని ఆ ఊరిపేరున కర్థము. 1566లో తురుష్కప్రభువుల కాలమున హైరుద్దీన్ అను శిల్పి ఆ నదిపై ఒంటి కమానుతో రాతివంతెనను నిర్మించెను. నాలుగు వందల యేండ్లకు పైగా ముస్లిములును, కాథలిక్కులగు క్రోయాట్లును, సనాతన క్రైస్తవులగు సెర్బులును ఆ వంతెనమీదుగా అంగడికి, బడికి, పెండ్లిండ్లకు నడచిరి.

1992లో యుగోస్లావియా ముక్కలైనపుడు ఆ దేశమున యుద్ధము చెలరేగెను. 1995లో డేటన్ సంధి కుదురులోపల సుమారు లక్షమంది హతులైరి. ఇరువది లక్షలకు పైగా ఇల్లు వాకిలి విడిచి చెదరిపోయిరి. మోస్తార్ నగరమున మొదట కలిసి పోరాడిన క్రోయాట్లును, బోస్నియాకులని పిలువబడు ముస్లిములును 1993లో తమలో తామే కలహించిరి. ఊరి నడుమనున్న రాజవీథియే యుద్ధరేఖ యయ్యెను. ఆ యేడు నవంబరు 9న క్రోయాటు సేనల ఫిరంగిగుండ్లకు వంతెన కూలి నదిలో పడెను. అనేకదేశముల సాయముతో దానిని పూర్వపు రీతినే మరల కట్టి 2004 జులై 23న తెఱచిరి.

రాతివంతెన మరల నిలిచినది గాని, ఊరు మాత్రము రెండుగానే మిగిలినది. పడమట క్రోయాట్లు, తూర్పున బోస్నియాకులు స్థిరపడిరి. అన్నిటికంటె వింతయైనది బడుల స్థితి. "ఒకే కప్పు క్రింద రెండు పాఠశాలలు" అను ఏర్పాటొకటి ఆ దేశమున పుట్టినది. భవన మొక్కటే, క్రోయాటు బిడ్డలకు ఒక పాఠ్యక్రమము, బోస్నియాకు బిడ్డలకు మఱొకటి. కొన్నిచోట్ల గుమ్మములు వేఱు. కొన్నిచోట్ల బడివేళలు వేఱు. ఒకరి చరిత్రపుస్తకమున వీరుడైనవాడు రెండవవారి పుస్తకమున ద్రోహి. యుద్ధము వెడలిపోయిన శరణార్థులు తిరిగి వచ్చినపుడు తాత్కాలికముగా చేసిన ఈ ఏర్పాటు శాశ్వతమై కూర్చున్నది. ఐరోపా భద్రతా సహకార సంస్థవారు 2018లో లెక్కించినపుడు 28 చోట్ల ఇట్టి పాఠశాలలు 56 ఉండెను.

మోస్తార్ నగరమున యుద్ధరేఖ ప్రక్కనే ఆస్ట్రియా చక్రవర్తుల కాలమున కట్టిన గొప్ప ఉన్నత పాఠశాల యొకటి గలదు. యుద్ధమున గుండ్ల తాకిడికి అది పాడుపడెను. 2004లో దానిని బాగుచేయుచు, క్రోయాటు, బోస్నియాకు పాఠశాలలు రెంటిని ఒకే పాలనక్రిందికి తెచ్చిరి గాని, పాఠ్యక్రమములు రెండుగానే నిలిచినవి. ఆ భవనముననే 2006లో యునైటెడ్ వరల్డ్ కాలేజీ తెఱవబడెను. అందు అనేకదేశముల విద్యార్థులతోపాటు బోస్నియా దేశపు మూడు జాతుల బిడ్డలును రెండేండ్లు కలిసి చదువుదురు. ఊరి వసతిగృహములలో ఒకే గదిని పంచుకొందురు. చరిత్ర తరగతిలో ఒకే సంఘటనను గూర్చి ఇరుపక్షముల సాక్ష్యములను పోల్చి చూచుట నేర్చుకొందురు. ఊరివారికి సేవచేయుట చదువులో భాగము గనుక, నాలుగు గోడల నడుమనే యుండి చదువు ముగించుట వారికి వీలుకాదు. పై అంతస్తులో కలిసి కూర్చుండు బిడ్డలను క్రింది అంతస్తులలో వేఱువేఱుగా చదువు బిడ్డలు దినదినము చూచుచున్నారు. ఆ చూపునకే కొంత విలువ గలదని మా నమ్మకము.

మూడు వారముల శిబిరము

అందఱకును రెండేండ్ల చదువు సాధ్యము కాదు. వేసవిసెలవులలో కొన్ని వారములు మాత్రము జరుగు శిబిరములును గలవు. వానిలో ప్రసిద్ధమైనది అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, ఆటిస్‌ఫీల్డు గ్రామమున జరుగు "సీడ్స్ ఆఫ్ పీస్", అనగా శాంతిబీజములు. జాన్ వాలక్ అను పత్రికారచయిత 1993లో ఇజ్రేలు, పాలస్తీనా, ఈజిప్టు దేశముల బాలబాలికలను పిలిపించి దీనిని ఆరంభించెను. ఆ యేడు సెప్టెంబరు 13న వాషింగ్టనున ఇజ్రేలు, పాలస్తీనా నాయకులు కరచాలనము చేసినపుడు ఆ బిడ్డలును అచ్చట నుండిరి.

అచ్చట ఇరుజాతుల పిల్లలు ఒకే కుటీరమున ప్రక్కప్రక్క మంచములపై పరుండుదురు. పగలు ఆటపాటలు, పడవ నడుపుట. దినమున కొక తడవ శిక్షితులైన పెద్దల సమక్షమున ఎదురెదురుగ కూర్చుండి తమ తమ దుఃఖములను, కోపములను దాపఱికము లేక చెప్పుకొందురు. అఱపులు, ఏడ్పులు, అలిగి లేచిపోవుటలు జరుగును. చివరి దినములలో శిబిరము నంతయు రెండు రంగుల జట్లుగ విభజించి పందెములు నడుపుదురు. అందు ఇజ్రేలు బాలుడును, పాలస్తీనా బాలుడును ఒకే రంగు చొక్కా తొడిగి మూడవవానిపై గెలుపు కొఱకు పెనగులాడుదురు. వాలక్ తన అనుభవములను గూర్చి వ్రాసిన పుస్తకమునకు "శత్రువునకు ముఖము గలదు" అను నర్థమిచ్చు పేరు పెట్టెను. అతడు 2002లో మరణించెను, శిబిరము నిలిచినది.

అయితే శిబిరము ముగిసిన పిమ్మట బిడ్డ లెచ్చటికి పోవుదురు? ఒకడు తన ఊరికి తిన్నగా పోవును. రెండవవానిని దారిపొడుగునను సైనికు లాపి సోదాచేయుదురు. శిబిరమున మంచము సమానము, కంచము సమానము. ఇంటికడ హక్కులు సమానము కావు. చెలిమి యొక్కటే న్యాయమునకు బదులు కాజాలదని పాలస్తీనా బిడ్డలు పలుమాఱు చెప్పినది ఈ కారణముననే. 2000 అక్టోబరులో ఇజ్రేలుదేశమున జరిగిన కల్లోలమున, ఆ శిబిరమున చదివిన పదునేడేండ్ల అరబ్బు బాలు డొకడు పోలీసుల కాల్పులలో మరణించెను. చనిపోవునపుడు అతని మేన నున్నది శాంతిబీజముల పచ్చచొక్కాయే. ఆ వార్త విని ఇరుపక్షముల స్నేహితులును విలపించిరి. పలువురు శిబిరముపై నమ్మకము కోల్పోయిరి. పలువురు మఱింత పట్టుదలతో నిలిచిరి. ఇట్టి శిక్షణ ప్రాణమును కాపాడు తాయెత్తు కాదని ఆ మరణము చాటినది.

ఫలమేమైన గలదా?

మఱి ఈ శ్రమ యంతయు వృథాయేనా? దీనికి మన పొరుగుననున్న లంకలో ఒక పరీక్ష జరిగినది. సింహళ, తమిళ, ముస్లిము యువజనులను కొందఱిని చేర్చి నాలుగు దినములు శాంతిశిబిరము నడపిరి. ఒక యేడు గడచిన పిదప దీపక్ మల్హోత్రా, సుమనసిరి లియనగె యను పండితులు ఆ యువజనులను, శిబిరమునకు రానివారిని పోల్చి చూచి, ఫలితములను 2005లో ప్రకటించిరి. శిబిరమునకు వచ్చినవారియందు ఎదుటిజాతివారిపట్ల సానుభూతి హెచ్చుగా నుండెను. అంతియ గాక, తమకు లభించిన సొమ్ములో ఎదుటిజాతి పేదబిడ్డల కొఱకు వారు హెచ్చు భాగ మిచ్చిరి. నాలుగు దినముల సహవాసము ఏడాది తరువాత చేతిసొమ్ములో కనబడిన దన్నమాట! యుద్ధము మాత్రము ఆగలేదు; అది 2009 వఱకు సాగినది. హృదయము మాఱుట నిజమే, హృదయము మాఱినంతనే రాజ్యము మాఱదనుటయు నిజమే.

తల్లిదండ్రులు తెఱచిన బడి

ఇల్లు తోడైనపుడు ఏమి జరుగునో ఉత్తర ఐర్లండు చూపినది. అచ్చట కాథలిక్కులకును, ప్రొటెస్టంటులకును ముప్పదియేండ్ల పోరు 1998 ఏప్రిలు 10 నాటి ఒడంబడికతో ముగిసినది. ఆ పోరు నడుమ, 1975లో, న్యూయార్కు పోలీసుశాఖలోని డెనిస్ మల్కహీ అను ఐరిషువాడు బెల్‌ఫాస్టునుండి ఆఱుగురు పిల్లలను వేసవికి అమెరికా రప్పించి, అచ్చటి కుటుంబములలో ఉంచెను. ఆ సత్కార్యము నలువదియేండ్లు నడచి, ఇరువదివేలకు పైగా బిడ్డలకు బాంబుల చప్పుడు లేని వేసవి నిచ్చినది. కాని సెలవులు ముగిసి ఊరికి చేరగానే వారి వీథులు వేఱు, బడులు వేఱు. అమెరికాలో ఒకే గదిలో నుండిన యిద్దఱు స్నేహితులు బెల్‌ఫాస్టున గోడ కటు నొకరు, ఇటు నొకరు.

అచ్చటి తల్లిదండ్రులు కొందఱు, ముఖ్యముగా తల్లులు, దూరదేశపు చెలిమి ఊరిలోనే ఏల కుదురరాదని తలచి, ఒక సంఘముగా నేర్పడిరి. మతపెద్దలు పలువురు సమ్మతింపకున్నను, తామే ధనము కూడబెట్టి 1981లో లాగన్ కాలేజీ యను పేర ఇరుమతముల బిడ్డలకును ఒకే బడి తెఱచిరి. మొదటి దినమున చేరిన పిల్లలు 28 మంది మాత్రమే. నేడు అట్టి పాఠశాలలు సుమారు డెబ్బది. అయినను ఆ దేశపు విద్యార్థులలో పదింట ఒకవంతు సైతము వానిలో చదువుట లేదు. పని మెల్లగానే సాగుచున్నది. కాని అది ఊరిలో సాగుచున్నది.

బోస్నియాలో సైతము ఇట్టిదే యొకటి జరిగినది. యైత్సే అను చిన్నపట్టణమున ఉన్నత పాఠశాలలో క్రోయాటు, బోస్నియాకు బిడ్డలు కలిసి చదువుచుండగా, ప్రభుత్వమువారు వారిని రెండు బడులుగా వేఱుచేయ నిశ్చయించిరి. ఆ విద్యార్థులు 2016లోను, 2017లోను వీథులలో కలిసి నడచి, "మమ్ము విడదీయవలద"ని నిరసించి, తుద కా ఆలోచనను మాన్పించిరి. వీరికి 2018లో ఐరోపాలో మాక్స్ వాన్ డెర్ స్టూల్ బహుమాన మిచ్చి గౌరవించిరి. వేలకొలది రూప్యముల శిక్షణలు నేర్పగోరు నాయకత్వమును ఈ పిల్లలు తమ బడి వాకిటనే చూపిరి.

లోపములు చెప్పకుండ రాదు

ఈ విద్యాలయములను పొగడి విడిచిన మాత్రమున మా పని ముగియదు. మొదటిది, వీనిలో చేరగలవారు మిక్కిలి కొలది మంది. ఇంగ్లీషు వచ్చినవారు, పట్టణముల వారు, ధైర్యముగల తలిదండ్రుల బిడ్డలు ముందుగా ఎన్నికగుదురు. పగ గాఢముగా నున్న పల్లెటింటి బిడ్డ, అందును ఆడపిల్ల, ఎన్నికల పట్టికవఱకు వచ్చుటయే కష్టము. రెండవది, చదువు ముగించినవారు పలువురు తిరిగి రారు. యునైటెడ్ వరల్డ్ కాలేజీలలో చదివినవారికి అమెరికా కళాశాలలలో చేరుటకు 2000 సంవత్సరము మొదలు డేవిస్ విద్యార్థివేతనము లిచ్చుచున్నారు. అది బిడ్డకు మేలే. కాని దేశము కొఱకు తయారైన నాయకుడు పరదేశమున ఉద్యోగియై నిలిచిపోయినచో, ఎవరి కొఱకు ఈ పంట? మూడవది, తిరిగి వచ్చినవారి నిలుకడ. శిబిరము పెట్టినవారు శిబిరమునకు ద్రవ్యము సమకూర్తురు గాని, తరువాతి పదేండ్లు ఆ బిడ్డకు తోడుండుటకు సమకూర్చుట అరుదు.

ఈ మూడవ లోపమును తీర్చుట ఏ సంస్థ చేతిలోను పూర్తిగా లేదు. అది ఇంటివారి చేతిలోనిది. నెల దినములు ఎదుటివర్గపు బిడ్డలతో గడపి వచ్చిన కుమార్తె వాకిట అడుగు పెట్టగానే, "మన కష్టములు వారికి చెప్పితివా?"యని ఇంటిల్లిపాదియు అడుగుదురు. అట్లడుగుట సహజమే. కాని ఆ తరువాత, "వారేమి చెప్పిరి?"యని యడుగువారు ఇంటిలో ఒక్కరైనను ఉన్నచో ఆ బిడ్డ నేర్చినది నిలుచును. అట్లడుగువారు లేనిచో, బిడ్డ రెండు నాలుగు దినములలో మాటలు మ్రింగుట నేర్చుకొనును. నెల తిరుగులోపల అందఱివలెనే మాటలాడును.

సోదరీమణులారా! మన బిడ్డలను సైతము శిబిరములకు, పరస్థలపు విద్యాలయములకు పంపు కాలమిది. పంపునపుడు భోజనవసతులను, ఖర్చును విచారించినట్లే, అచ్చట ఎవరెవరితో కలిసి యుందురో, తిరిగి వచ్చిన పిదప వారికి తోడుగా నిలుచువా రెవరో విచారింపుడు. బిడ్డ తిరిగి వచ్చినపుడు పెట్టె విప్పి బట్టలు ఉతుకుటకు వేయుటతో పని ముగిసినదని యెంచక, ఒక పూట తీరికగా కూర్చుండి, మనకు రుచింపని సంగతులైనను వినుడు. రచ్చ గెలిచి వచ్చిన బిడ్డకు ఇంట గెలుపు అట్లు మొదలగును.